నేత్రరోగములు - గణితశాస్త్రము

ఇంద్రియములన్నింటిలోను నేత్రము ప్రధానమని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఒక యింటిలో ఒకరికి చూపు పోయినచో ఆ యొక్కరి చూపు మాత్రమే పోదు. వారి చేయి పట్టుకొని నడిపించుటకు మఱియొకరి పనియు పోవును. తాతకు కన్ను మసకబారినచో మనుమడు బడి మానును. అవ్వకు చూపు తగ్గినచో మనుమరాలు చదువు మానును. ఈ దుఃఖము ఎఱుగని గ్రామము లేదు. ఐతే ఈ చీకటిని తొలగించు కార్యములో వైద్యుని శస్త్రముతోపాటు, ఔషధముతోపాటు, లెక్కలు కట్టువాని కలము కూడ పని చేసినదన్న సంగతి అంతగా ప్రచారములోనికి రాలేదు. ఆ కథలో గొప్ప భాగము మన తెలుగు నేలమీదనే జరిగినది. దానిని క్రమముగా తెలిసికొనుట యుక్తము.

మన పూర్వులు నేత్రరోగములను లెక్కింపకపోలేదు. సుశ్రుతాచార్యుడు తన సంహితలోని ఉత్తరతంత్రమున నేత్రరోగములు 76 అని వేఱువేఱుగ వర్ణించెను. శుక్లము కమ్మిన కంటికి శలాకతో చేయు చికిత్సయు అందు కలదు. రోగములను విడదీసి వాని సంఖ్య చెప్పుట శాస్త్రమునకు మొదటి మెట్టు. ఆ సంఖ్యలనుండి రాబోవు దానిని ఊహించుట రెండవ మెట్టు. గణితమన్నది తెలుగువారికి క్రొత్త విద్య కాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగు చేసెను.

మెదకు పట్టణమునకు చేరువనున్న కొల్చారము మల్లినాథసూరి యింటిపేరుతో ముడిపడిన గ్రామము. కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యలు వ్రాసిన ఆ మహానుభావుడు, మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు నియమము పెట్టుకొనెను. రోగమునకు లెక్క కట్టు శాస్త్రజ్ఞునకును ఇంతకంటె మంచి నియమము లేదు. ఆధారము లేని అంకె వ్రాయరాదు; పనికిరాని అంకె పెంచరాదు. ఈ వ్యాసమున రాబోవు లెక్కలన్నింటిని ఈ గీటురాతిమీదనే పరీక్షింపవచ్చును.

గణిత నమూనా యనగా నేమి?

గ్రామపు నక్షాను చూచిన వారికి ఈ మాట సులభముగా బోధపడును. నక్షాలో చింతచెట్టు నీడ కనబడదు. బావి నీటి తీపి తెలియదు. ఐనను ఏ సర్వే నంబరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో, చెరువు నిండినచో ఏ పొలములు మునుగునో దానినిబట్టి చెప్పవచ్చును. నక్షా గ్రామము కాదు. గ్రామమును గూర్చి ఒక ప్రశ్నకు సమాధానము చెప్పు సాధనము. గణిత నమూనాయు అట్టిదే. అది రోగము కాదు, రోగి కాదు. రోగము ఎట్లు పుట్టును, ఎట్లు పెరుగును, ఎట్లు తగ్గునను సంగతులను అంకెలలో పెట్టి, "ఇట్లు చేసినచో ఏమగును? చేయకున్నచో ఏమగును?" అని అడుగుటకు ఏర్పఱచుకొనిన నక్షా. ఇందులో "అయినచో" అను మాటయే ప్రాణము. ఆ మాటను మఱచి నమూనాను చదివినవాడు దానిని పంచాంగముగ భ్రమించును.

సికింద్రాబాదులో నాటిన విత్తనము

రోగములకు ఇట్టి లెక్క కట్టుటకు బాట వేసినవారిలో ప్రముఖుడు రొనాల్డ్ రాస్. ఆయన సైన్యమున వైద్యుడు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో, దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో కనుగొనెను. అందులకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఇంతవరకు చాలమందికి తెలియును. ఆయన తరువాతి కృషి గణితము. దోమలను చంపినచో మలేరియా పోవునని చెప్పగా, దేశములోని దోమలన్నింటిని చంపుట ఎవరి తరమని ప్రజలు ఆక్షేపించిరి. రాస్ లెక్క కట్టి, దోమలన్నియు చావనక్కఱలేదు, వాని సంఖ్య ఒక మేరకు తగ్గినచో రోగము తనంతట తానే అడుగంటునని 1911 నాటికి సమీకరణములతో నిరూపించెను. ఇది కంటి జబ్బు కాదు. కాని కంటి జబ్బులకు తరువాత వేసిన లెక్కలు ఈ దారినే నడచినవి.

ట్రకోమా - వడ్డీ లెక్క

ఈ దారిని నడచిన నేత్రరోగములలో ముఖ్యమైనది ట్రకోమా. ఇది అంటుజాడ్యము. పిల్లలనుండి పిల్లలకు చేతులద్వారా, తుడుచుకొను గుడ్డలద్వారా, ఈగలద్వారా ప్రాకును. మఱల మఱల సోకినచో రెప్ప లోపలికి ముడుచుకొని, వెండ్రుకలు కంటిని గీచి, తుదకు చూపు పోవును. భారత ప్రభుత్వము 1963లో జాతీయ ట్రకోమా నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము ఏర్పడెను.

తరువాతి కాలమున, గ్రామమంతటికి ఒక్కసారిగ మందు ఇచ్చు పద్ధతి ప్రపంచమున వ్యాపించెను. అప్పుడు పుట్టిన ప్రశ్న ఇది: ఎంత కాలమునకు ఒకసారి ఈయవలెను? దీనిని తెలిసికొనుటకు వడ్డీ లెక్క తెలిసిన చాలును. ఒక గ్రామమున 40 మంది పిల్లలకు వ్యాధి ఉన్నదనుకొందము. మందు ఐదుగురిలో నలుగురికి నయము చేసినచో 8 మంది మిగులుదురు. వ్యాధి ఏడాదికి రెట్టింపగునదైనచో ఆ 8 మంది 16 అగుదురు. మఱల మందు ఇచ్చినచో దాదాపు ముగ్గురు మిగులుదురు. వారు మఱుసటి యేటికి ఆఱుగురగుదురు. ఇట్లు బాకీ తీరిపోవును. కాని వ్యాధి ఆఱు నెలలకే రెండున్నర రెట్లు పెరుగునదైనచో, ఆ 8 మంది ఏడాది తిరుగునప్పటికి 50 మంది అగుదురు. ఏడాదికొకసారి ఇచ్చు మందు అక్కడ వ్యర్థము. అసలుకంటె వడ్డీ మించినది. అట్టి గ్రామమున ఆఱు నెలలకొకసారి మందు ఇచ్చినచో 40 మంది 8 అగుదురు, 8 మంది 20 అగుదురు, మఱల మందుతో 4 అగుదురు, 4 పది యగును, పది రెండగును. మందు అదే, గ్రామము అదే; కాలము మాత్రమే మార్చగా రోగము ఓడినది.

ఈ అంకెలు బోధపడుటకు కల్పించుకొనినవి. నిజమైన లెక్కను థామస్ లీట్‌మన్ మొదలైన శాస్త్రజ్ఞులు 1999లో ప్రకటించిరి. వ్యాధి మధ్యమముగా ఉన్న ప్రాంతములలో ఏటికొకసారి, మిక్కుటముగ ఉన్న ప్రాంతములలో ఏటికి రెండుసార్లు మందు ఈయవలెనని వారు తేల్చిరి. భారతదేశమున ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా లేకుండ పోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో గుర్తించెను. ఆ ఫలము మందులకు, మంచినీటికి, పరిశుభ్రతకు, అనేక దశాబ్దముల సేవకు కలిపి చెందినది.

కంటిలోని చెరువు

ఊరి రోగమునకే కాక, ఒక్క కంటికి కూడ నమూనా కలదు. నీటికాసులు అను రోగమును తీసికొందము. కంటి ముందు భాగమున ఒక స్వచ్ఛమైన ద్రవము నిరంతరము ఊరుచు, సన్నని దారులగుండ వెలుపలికి పోవుచుండును. ఇది చెరువువంటిది. వచ్చు నీరు ఎంతయో పోవు నీరు అంతయే ఐనచో కట్ట క్షేమము. తూము పూడినచో నీరు పెరిగి కట్టమీద ఒత్తిడి హెచ్చును.

స్విట్జర్లాండుకు చెందిన నేత్రవైద్యుడు హాన్స్ గోల్డ్‌మన్ పేరిట ప్రసిద్ధమైన సమీకరణము ఈ మాటనే అంకెలలో చెప్పును: ఊరు ద్రవమును తూము సామర్థ్యముతో భాగించి, వెలుపలి సిరల ఒత్తిడిని కలిపినచో కంటి ఒత్తిడి వచ్చును. ఊట నిమిషమునకు 2.4 మైక్రోలీటర్లు, తూము సామర్థ్యము 0.3, సిరల ఒత్తిడి 8 అనుకొన్నచో, 2.4ను 0.3తో భాగింపగా 8, దానికి 8 కలుపగా 16. ఇది ఆరోగ్యకరమైన ఒత్తిడి. తూము సగము పూడి సామర్థ్యము 0.15 ఐనచో భాగఫలము 16 అగును, మొత్తము 24. సాధారణముగ 21 దాటినచో వైద్యులు హెచ్చరికగా చూతురు. కొన్ని రకముల చుక్కల మందులు ఊటను తగ్గించును. మఱికొన్ని బయటికి పోవు దారిని సుగమము చేయును. ఏ మందు సమీకరణమున ఏ అంకెను మార్చునో వైద్యునికి ముందే తెలియును. ఈ రోగము చాలకాలము నొప్పి లేకుండ దొంగవలె వచ్చును; పోయిన చూపు తిరిగి రాదు. కావున కట్ట తెగిన పిమ్మట కొలిచినందువలన ప్రయోజనము లేదు.

కృత్రిమ కటకపు లెక్క

మన ప్రాంతమున మోతిబిందు అనియు పిలువబడు శుక్లము వచ్చినప్పుడు మసకబారిన సహజ కటకమును తీసివేసి, దాని స్థానమున కృత్రిమ కటకమును అమర్చుట నేడు ప్రతి జిల్లాలోను జరుగుచున్నది. దీనిని మొదట చేసినది లండను నగరమున హెరాల్డ్ రిడ్లీ, 1949 నవంబరు 29న. యుద్ధకాలమున విమానచోదకుల కండ్లలో గ్రుచ్చుకొనిన ఒక విధమైన ప్లాస్టిక్ ముక్కలు కంటికి హాని చేయకుండుట గమనించి ఆయన ఈ పనికి పూనుకొనెను. ఐతే మొదటి రోగికి పెట్టిన కటకపు శక్తి మిక్కిలి ఎక్కువై, ఆమెకు తీవ్రమైన హ్రస్వదృష్టి కలిగెను. శస్త్రము గెలిచినది, లెక్క తప్పినది.

1967లో రష్యా దేశమున ఫ్యోదరోవ్ ఈ కటకపు శక్తికి సూత్రము ప్రకటించెను. 1980లో శాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్ అను ముగ్గురు వైద్యులు అనేక శస్త్రచికిత్సల ఫలితములను పోల్చి చూచి, చేతిలెక్కకు అనువైన సూత్రమును తయారుచేసిరి. కంటి పొడవును మిల్లీమీటర్లలో కొలిచి 2.5తో గుణింపవలెను, నల్లగుడ్డుపై నుండు స్వచ్ఛ పటలము శక్తిని 0.9తో గుణింపవలెను, ఈ రెండింటిని కలిపి, కటకమును తయారుచేసినవారు ఇచ్చు స్థిర సంఖ్యనుండి తీసివేయవలెను. స్థిర సంఖ్య 118, కంటి పొడవు 23.5, పటలము శక్తి 44 ఐనచో, 58.75ను 39.6ను కలుపగా 98.35. దానిని 118నుండి తీసివేయగా 19.65. వైద్యుడు దానికి దగ్గఱగా నున్న 19.5 శక్తి గల కటకమును ఎన్నుకొనును. పొడవును కొలుచుటలో ఒక్క మిల్లీమీటరు తప్పినచో కటకము రెండున్నర అంశలు తప్పును. తరువాత ఇంతకంటె సూక్ష్మమైన సూత్రములు వచ్చి దీని స్థానమును ఆక్రమించినవి. కాని గతమున చేసిన పని ఫలితములను దాచక వ్రాసిపెట్టి, వానినుండి రాబోవు రోగికి మేలు చేయుట అను పద్ధతి మాత్రము మారలేదు.

హైదరాబాదు సర్వే

ఒక్క కంటి లెక్కనుండి దేశపు లెక్కకు వత్తము. 1987లో హైదరాబాదున, చలనచిత్ర నిర్మాతయు దర్శకుడును ఐన ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబ దాతృత్వముతోను, డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారి పూనికతోను ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నెలకొనెను. ఆ కాలమున దేశమునందు అంధత్వ నివారణమనగా శుక్లములకు శస్త్రచికిత్సలు చేయుటయే యని ఎక్కువగ భావింపబడుచుండెను. గ్రుడ్డివారు ఎందఱు, ఎందువలన గ్రుడ్డివారైరి అన్న ప్రశ్నకు అన్ని వయస్సులవారిని పరీక్షించి, అన్ని కారణములను విచారించి చెప్పిన సమాధానము అరుదు.

డాక్టరు లలిత్ దండోనా, డాక్టరు రాఖీ దండోనా మొదలైనవారు ఆ సంస్థయందు 1996నుండి 2000 వఱకు ఆంధ్రప్రదేశ్ నేత్రరోగ సర్వేను జరిపిరి. రాష్ట్రమంతటిని పరీక్షించుట అసాధ్యము గనుక వారు నమూనా పద్ధతిని అవలంబించిరి. ఈ పద్ధతి రైతులకు క్రొత్త కాదు. పంటకోత ప్రయోగమున పొలములన్నియు కోయరు. పక్షపాతము లేకుండ చీట్లు వేసినట్లు కొన్ని మళ్లను ఎన్నుకొని, వానిలో కొలిచిన తునకను కోసి, తూచి, ప్రాంతపు దిగుబడి కట్టుదురు. మంచి మడిని ఏరుకొన్నచో లెక్క చెడును. సర్వేవారును అట్లే హైదరాబాదు నగరమునుండియు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల గ్రామములనుండియు మొత్తము 94 చోట్లను ఎన్నుకొనిరి. పసిబిడ్డలు మొదలు వృద్ధులవఱకు 11,786 మందిని ఎంచుకొనగా 10,293 మంది పరీక్షకు వచ్చిరి. అనగా నూటికి 87.3 మంది.

6 మీటర్ల దూరముననున్న అక్షరమును గూర్చిన కొలత ఇది: ఆరోగ్యమైన కన్ను 60 మీటర్లనుండి చూడగలిగిన దానిని, రెండు కండ్లలో మేలైన కంటితోనైనను 6 మీటర్లనుండి చూడలేనివారిని అంధులుగా వారు లెక్కించిరి. ముందు చూపు బాగుండినను చూపు వెడల్పు 20 అంశలకంటె కుదించుకొనిపోయినవారిని కూడ అందు చేర్చిరి. ఆ లెక్కన నూటికి 1.84 మంది అంధులు.

నమూనాలో కొంత హెచ్చుతగ్గు తప్పదు. కావున వారు ఆ సంఖ్య 1.49నుండి 2.19 మధ్య ఉండవచ్చునని కూడ చెప్పిరి. తప్పు ఎంతవరకు ఉండవచ్చునో ముందుగా ఒప్పుకొనుట గణాంకశాస్త్రపు మర్యాద. ఏ అంచనాయైనను ఎంతవరకు నిక్కమై యుండగలదో దానికొక హద్దు కలదని 1945లో చూపి లోకమున కీర్తిగాంచినవాడు మన తెలుగువాడే, 2023లో దివంగతుడైన కల్యంపూడి రాధాకృష్ణరావు గారు.

2,000 జనాభా గల గ్రామమునకు ఈ సగటును అన్వయించినచో దాదాపు 37 మంది. కారణములను చూడగా, అంధత్వములో నూటికి 44 పాళ్లు శుక్లమువలనను, 16.3 పాళ్లు దృష్టిదోషమువలనను కలిగినవి. ఈ రెండును కలిపి 60.3 పాళ్లు. మొదటిది సులభమైన శస్త్రచికిత్సతో పోవునది. రెండవది ఎక్కువగ కంటి అద్దములతోనే పోవునది. అనగా ఆ 37 మందిలో సుమారు 22 మంది తొలగింపదగిన చీకటిలో కూర్చుండిరి. వృద్ధులు, పేదలు, స్త్రీలు, గ్రామవాసులు ఎక్కువగా అంధులగుచున్నారని కూడ సర్వే తేల్చెను. రోగము అందఱికి వచ్చును. వైద్యము అందఱికి అందదు. స్త్రీల లెక్క ఈ సంగతిని మఱింత స్పష్టము చేయుచున్నది.

మనుష్యులా? సంవత్సరములా?

ఈ నిష్పత్తులను దేశ జనాభాకు అన్వయించి ఆ శాస్త్రజ్ఞులు 2001లో నమూనా ప్రకటించిరి. 2000 సంవత్సరమున దేశమున 1 కోటి 87 లక్షల మంది అంధులుందురు. అప్పటి తీరు మారకున్నచో 2010 నాటికి 2 కోట్ల 41 లక్షలు, 2020 నాటికి 3 కోట్ల 16 లక్షలు అగుదురు. జనాభా పెరుగుచున్నది, ఆయుర్దాయము పెరుగుచున్నది గనుక ఊరక కూర్చున్నను సంఖ్య పెరుగునని దీని భావము.

ఇంతకంటె విలువైన లెక్క మఱియొకటి ఆ కృషిలో కలదు. 2020 నాటికి శుక్లాంధత్వమున నూటికి 95 పాళ్లు తొలగించినచో 1 కోటి 56 లక్షల మందికి అంధత్వము తప్పును. దృష్టిదోషమువలని అంధత్వమును అట్లే తొలగించినచో తప్పునది 42 లక్షల మందికి. మనుష్యులను లెక్కించినవారు శుక్లమే పెద్ద శత్రువు, దృష్టిదోషము చిన్నదని అందురు. కాని ఆ శాస్త్రజ్ఞులు అంతటితో ఆగక, వీరు ఎన్నేండ్లు చీకటిలో గడపవలసి యుండునో కూడ లెక్కించిరి. శుక్లమువలన మొత్తము 7 కోట్ల 80 లక్షల సంవత్సరములు. దృష్టిదోషమువలన 11 కోట్ల 10 లక్షల సంవత్సరములు!

భాగహారము చేసి చూడుడు. శుక్లముగల ఒక్కొక్కరికి 5 సంవత్సరములు. దృష్టిదోషముగల ఒక్కొక్కరికి 26 సంవత్సరములకు పైగా. కారణము తేటతెల్లము. శుక్లము ఎక్కువగ ముదిమిలో వచ్చును. దృష్టిదోషము బాల్యముననే వచ్చి, అద్దములు లేనివారిని జీవితాంతము వెన్నంటును. బడిలో నల్లబల్లమీది అక్షరము కనబడని బిడ్డను మందబుద్ధి యందురు, వాడు చదువు మాని కూలికి పోవును, పెండ్లియగును, పిల్లలు పుట్టుదురు, మసక మాత్రము పోదు. ఇన్నేండ్లకు విరుగుడు ఒక జత అద్దములు.

అసలు వ్రాసి కాలము వ్రాయని అప్పుపత్రమువలె, మనుష్యుల సంఖ్య వ్రాసి చీకటి సంవత్సరములు వ్రాయని పట్టిక అసంపూర్ణము. అంకెలు అబద్ధమాడలేదు, ఏమి లెక్కింపవలెనో అడుగుటలోనే లోపము జరిగినది. ఈ లెక్కవలన వృద్ధుని శస్త్రచికిత్సకు విలువ తగ్గదు. వెనుకబెంచీలో కూర్చున్న బిడ్డ కూడ పట్టికలోనికి ఎక్కెను.

జోస్యము తప్పుటయే శుభము

2020 గడచినది. 3 కోట్ల 16 లక్షల మాట నిజమైనదా? కాలేదు. 2015నుండి 2019 వఱకు జరిగిన జాతీయ సర్వేలో అంధులు నూటికి 0.36 అని తేలినది. వారి సంఖ్య సుమారు 48 లక్షలని ప్రకటించిరి. ఐతే ఇచ్చట జాగ్రత్త వలయును. 2017లో భారత ప్రభుత్వము అంధత్వపు నిర్వచనమును మార్చినది. పూర్వము 6 మీటర్ల కొలత. తరువాత 3 మీటర్ల కొలత. పూర్వపు కొలతలో అంధుడైనవాడు క్రొత్త కొలతలో కాకపోవచ్చును. గొలుసు మారినప్పుడు పొలము విస్తీర్ణము మారినదనుట పొరపాటు. కావున రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి తగ్గుదల యంతయు వైద్యమహిమ యనరాదు. అంతయు కాగితపు మార్పు అనుటయు అన్యాయమే. ఈ మధ్యకాలమున దేశమున ప్రతి యేట లక్షలాది శుక్ల శస్త్రచికిత్సలు జరిగినవి. గ్రామములకు నేత్రకేంద్రములు వచ్చినవి. ఆదిలాబాదు జిల్లా ముధోలులో 1996లోనే అట్టి గ్రామీణ కేంద్రము వెలసినది.

తీరు మారకున్నచో ఇట్లగునని శాస్త్రజ్ఞులు చెప్పిరి. తీరు మారినది. కట్ట తెగునని హెచ్చరించిన నీరటికాడు, ఊరివారు మట్టి పోసి కట్టను నిలిపినందువలన అబద్ధికుడు కాడు. ఇట్టి నమూనా తప్పవలెననియే తయారుచేయబడును.

మెదకు జిల్లా గ్రామమేదియు ఆ 1996 నాటి సర్వేలో లేదు. కాని 2018 ఆగస్టు 15న తెలంగాణ రాష్ట్రమంతటను కంటి పరీక్షలు జరుపు కంటి వెలుగు కార్యక్రమమును నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు మెదకు జిల్లాలోని మల్కాపూరు గ్రామముననే ప్రారంభించిరి. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షింపబడిరి. అవసరమైనవారికి ఉచితముగ అద్దములు పంచిరి. 2023 జనవరిలో ఖమ్మమున రెండవ విడత ప్రారంభమయ్యెను. శస్త్రచికిత్సతోపాటు అద్దములకును ఇంత పెద్ద పీట వేసిన కార్యక్రమమును చూచినప్పుడు, 11 కోట్ల 10 లక్షల సంవత్సరముల లెక్క జ్ఞప్తికి రాక మానదు.

లెక్కకు అందనివి

గణితమునకు హద్దులు కలవు. 11,786 మందిలో పరీక్షకు రాని 1,493 మందిని గూర్చి సర్వే సూటిగ చెప్పలేదు. వారు ఇంటిలో లేకుండిరా, భయపడిరా, తీసికొనివచ్చువారు లేక ఆగిరా? ఒక ముసలమ్మ శస్త్రచికిత్సకు ఒప్పుకొనకుండుటకు ఖర్చు కారణమా, కోతల కాలమా, కోడలికి భారమగుదునన్న సంకోచమా? ఏ సమీకరణమును దానిని తెలుపదు, ప్రక్కింటివారికి తెలియును.

ఇటీవల యంత్రములకే కంటి చిత్రములను చూపి రోగములను గుర్తించుట నేర్పుచున్నారు. 2016లో ఎల్.వి. ప్రసాద్ సంస్థయు మైక్రోసాఫ్ట్ సంస్థయు కలిసి ఇట్టి పనికి పూనుకొనినవి. మధుమేహమువలన కంటిలోపలి పటలమునకు కలుగు చెఱుపును చిత్రములనుండి పసిగట్టు యంత్రపద్ధతిని గూర్చి అదే సంవత్సరమున గూగుల్ సంస్థ శాస్త్రజ్ఞులు ఫలితములు ప్రకటించిరి. ఇవి మేలైనవే. కాని యంత్రము తనకు చూపిన కండ్లనుండి మాత్రమే నేర్చును. ఎవరి కన్ను లెక్కలోనికి ఎక్కలేదో వారిని గూర్చి యంత్రమునకును తెలియదు. మూలమున లేనిది వ్రాయరాదను మల్లినాథుని నియమము ఇచ్చటను వర్తించును.

కావున మొదటి లెక్క గ్రామముననే జరుగవలెను. అందులకు గ్రంథాలయముకంటె తగిన చోటు లేదు. ఇరువదియైదేండ్లుగ నడచిన గ్రంథాలయమున పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనిన రిజిస్టరు ఉండును. నలుబదియేండ్లు దాటిన చదువరి పుస్తకమును చేయి చాచి దూరముగ పట్టుకొనును. కొన్నాళ్లకు పెద్ద అక్షరముల పుస్తకములు మాత్రమే అడుగును. మఱికొన్నాళ్లకు రాక మానును. ఆసక్తి తగ్గినదని అందఱు అనుకొందురు. చాలమందికి తగ్గినది ఆసక్తి కాదు, చత్వారమువలన చూపు. ఆ రిజిస్టరును తిరుగవేసి, ఎవరు ఎప్పటినుండి పుస్తకములు తీసికొనుట మానిరో ఒక పట్టిక వ్రాసి, వారి యిండ్లకు పోయి కారణము విచారించి, కన్నే కారణమైనచో మెదకు పట్టణమునకు కంటి పరీక్షకు తోడ్కొనిపోవుట కష్టమైన పని కాదు. గ్రంథాలయపు గోడకు అక్షరముల పట్టిక నొకటి తగిలించి, ఆఱు మీటర్ల దూరమున నేలపై గీత గీచి, బడిపిల్లలను ఏటికొకసారి అక్కడ నిలువబెట్టి చదివించుటకు వ్యయము దాదాపు లేదు.

మనుష్యులను లెక్కించి ఊరుకొనక వారి చీకటి సంవత్సరములను కూడ లెక్కింపవలెనని హైదరాబాదు సర్వే నేర్పినది. గ్రంథాలయమును పుస్తకముల సంఖ్యతోడను, చందాదారుల సంఖ్యతోడను కొలుచుట వాడుక. ఎందఱు చదువరులకు ఎన్నేండ్ల చదువు మిగిలినదో కూడ ఇకమీదట ఆ లెక్కలో చేరుగాక.